పసుపు హెల్మెట్ మీద డేగ

జూన్ 14

అమ్మాయీ,

ఫోన్‌లో నువ్వు చెప్పేది నాకు సగం వినబడదు, నేను అరిచేది నీకు రెండింతలు వినబడుతుంది. ఈ బేరం ఇద్దరికీ గిట్టుబాటు కాదని ఉత్తరాలకు దిగాను. జీవితమంతా సినిమా హాల్లో ప్రొజెక్టర్ పక్కన కూచున్న చెవులు మరి. హాలు మూతబడినా ఆ రొద మాత్రం నా చెవుల్లో ఇంకా ఆడుతూనే ఉంది.

ఇల్లు బాగానే ఉంది. నీ గది కిటికీ రెక్క వానకి ఉబ్బి మూసుకోవడం లేదు, వడ్రంగి రేపొస్తానని వారం నుంచీ చెబుతున్నాడు. అబ్బాయి పసుపు హెల్మెట్ తలుపు పక్కన మేకుకే ఉంది. తీయమని ఎవరూ అనలేదు, నేనూ తీయలేదు.

బుడ్డోడు ఎలా ఉన్నాడు? నువ్వు వాణ్ణి పాత రీలు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కినప్పటి నుంచీ వెనక గదిలోకి వెళ్లాలంటే కాలు సాగడం లేదు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, నాకేమో డేగపిల్ల ముద్దయింది. నవ్వితే నవ్వు.

ఒక్క సంగతి అడగాలి. కరెంటు టవర్ మీద తల్లి డేగ తీగలకు తగిలి చచ్చిపోతే, లైన్‌మన్ పని మీద టవరెక్కిన మనవాడు ఈ పిల్లని చొక్కాలో వేసుకుని దిగి తెచ్చాడు కదా. ఆ సాయంత్రం నాతో అన్నాడు, "నాన్నా, దీనికి రెక్కలు కుదిరాక ఆ టవర్ దగ్గరికే తీసుకెళ్లి వదులుదాం, నువ్వూ రావాలి" అని. రెండు రోజులకి ఇంకో స్తంభం ఎక్కి, కరెంటు తగిలి, వాడే పోయాడు. వాడు నాకు చెప్పిన పనుల్లో చేయకుండా మిగిలింది ఇదొక్కటే. ఎప్పుడు వదులుతారో మీ పక్షుల డాక్టరుగారిని అడిగి రాయి. ఎంత దూరమైనా వస్తాను. మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

మీ మామయ్య


జూన్ 27

మామయ్యగారికి నమస్కారం.

ముందు మీకో కబురు. మీ బుడ్డోడు ఆడపిల్ల. డేగల్లో ఆడదే పెద్దదిగా ఉంటుంది. తూకం వేసి, కాళ్ల లావు కొలిచి మా డాక్టరు తేల్చేశారు. ఇన్నాళ్లూ మీరు "ఏరా" అంటుంటే అది గుడ్లురిమి చూసేది అందుకేనేమో.

నా పని ఎప్పటిలాగే ఉంది. తెల్లారి ఫ్రీజర్‌లోంచి చచ్చిన కోడిపిల్లల్ని తీసి బకెట్‌లో నీళ్లలో వేస్తాను, అవి మెత్తబడేలోగా గూళ్లు కడుగుతాను. వినడానికి అసహ్యంగా ఉంటుందని మా అమ్మ ఫోన్‌లో ఈ మాట ఎత్తనివ్వదు. మీరైతే ఏమీ అనుకోరు, పైగా ఇంకా చెప్పమంటారు.

ఈ సంరక్షణ కేంద్రంలో కొన్ని పద్ధతులు మీకు వింతగా అనిపిస్తాయి. పక్షి పిల్లలకు తిండి పెట్టేటప్పుడు ముఖానికి ముసుగు వేసుకోవాలి, చేతికి పక్షి తలలా కుట్టిన తొడుగు పెట్టుకోవాలి. చూడటానికి వచ్చేవాళ్లకి వివరాలు చెప్పే గైడ్ తప్ప గూళ్ల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. అన్ని గూళ్లకీ "మాట్లాడకండి" అని బోర్డులు ఉంటాయి. తుమ్మొస్తే బయటికి పరిగెత్తాల్సిందే.

ఎప్పుడు వదులుతారని అడిగారు. తోక ఈకలు ఇంకా పూర్తిగా రాలేదు. తొందరపడితే మంచిది కాదు. వచ్చాక చూద్దాం.

రాత్రిళ్లు పాలు తాగడం మానకండి. కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టండి, వడ్రంగి మాట నమ్మకండి.

మీ కోడలు


జూలై 11

అమ్మాయీ,

ఆడపిల్లా! నేను దాన్ని పట్టుకుని అంతకాలం "ఒరే, ఒరే" అన్నానే. దొరికినప్పుడు క్షమాపణ చెప్పుకోవాలి. ఈ వయసులో మీసాల వాణ్ణి మీసాల వాడిగా, ఆడపిల్లని ఆడపిల్లగా పోల్చుకోలేకపోతే ఇక నా చూపు దేనికి?

చూపంటే గుర్తొచ్చింది. మా హాలు ఓనర్ దగ్గర బైనాక్యులర్ ఒకటి ఉంటే అడిగి తెచ్చాను. వదిలాక అది ఎంత పైకి వెళితే అంత దాకా చూడాలి కదా. రోజూ మేడెక్కి ప్రాక్టీసు చేస్తున్నాను. ఎదురుగా సైకిల్ షాపువాడు పంక్చరుకి ఎన్ని మేకులు తనే గుచ్చుతాడో కూడా కనబడిపోతోంది. వాడు నాకు నిన్నటి నుంచి దణ్ణాలు పెడుతున్నాడు.

ఆ టవర్ దగ్గరికి కూడా వెళ్లొచ్చాను. దారి బురదగా ఉంది కానీ ఆటో వెళుతుంది. టవర్‌కి కొత్తగా ముళ్ల కంచె కట్టారు. పక్కన చదునైన రాయి ఉంది, నేను దాని మీద కూచుంటాను. నువ్వు డబ్బా మూత తీద్దువుగాని. అన్నీ చూసుకొచ్చాను.

మీ పద్ధతులు చదివి నవ్వుకున్నాను. అందరూ దొంగల్లా ముసుగులు వేసుకుని, మూగనోము పట్టినట్టు తిరుగుతారా? మాట్లాడితే ఏమవుతుంది? నేను తెలియక అడుగుతున్నాను, వివరంగా రాయి.

తోక ఈకలు ఈపాటికి వచ్చే ఉంటాయి.

తోకలేని మీ మామయ్య


ఆగస్టు 3

మామయ్యగారికి నమస్కారం.

జవాబు ఆలస్యమైంది. వానలకి ఇక్కడ రెండు గూళ్ల రేకులు లేచిపోయాయి. గొడుగు ఒక చేత్తో, సుత్తి ఒక చేత్తో పట్టుకుని గడిపాం.

తోక ఈకలు వచ్చాయి. బావున్నాయి, గోధుమ రంగు మీద నల్ల పట్టీలు. కానీ దానికి వేట రావాలి. పెద్ద గూట్లో బతికున్న ఎలుకని వదిలితే ముందు దాని వంక చూస్తుంది, తర్వాత నా వంక చూస్తుంది. ఎలుక దర్జాగా మూలకి వెళ్లి కూచుంటుంది. పక్క గూట్లో పెద్ద డేగ రెక్కలు విప్పితే ఇది బెదిరి నా వైపు వచ్చి వల పట్టుకుంటుంది. కొన్ని పక్షులకు ఎక్కువ కాలం పడుతుంది. ఈ వానలైతే వెళ్లనివ్వండి.

మీరు అడిగిన ఇంకో సంగతి తీరిగ్గా రాస్తాను.

బురదలో ఆ టవర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. జారి పడితే చూసేవాళ్లు లేరు. మాటకి కట్టుబడే మనిషి కదా మీరు, ఇక వెళ్లనని నాకు మాట ఇవ్వండి.

మీ కోడలు


ఆగస్టు 22

అమ్మాయీ,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. ముందు ఈకలు అన్నావు. తర్వాత వేట అన్నావు. ఇప్పుడు వానలు అంటున్నావు. వానలు పోతే చలి వస్తుంది, చలి పోతే ఎండ వస్తుంది. మాట్లాడితే ఏమవుతుందని అడిగితే దానికీ దాటేశావు. నేను చదువుకోలేదు గానీ ఒకే సినిమా వంద రోజులు ఆడించినవాణ్ణి. ఎవరు ఏ సీన్ దగ్గర ముఖం తిప్పుకుంటారో నాకు తెలుస్తుంది.

నువ్వు దాన్ని వదలలేకపోతున్నావు. వాడు చొక్కాలో పెట్టుకుని తెచ్చిన పిట్ట. వాడి చేతుల్లో చివరగా ఉన్న ప్రాణం అదే. దాన్ని వదిలితే వాడు నిజంగా పోయినట్టే అని నీకు అనిపిస్తోంది. నాకు తెలియదా అమ్మాయీ? హెల్మెట్ మేకు నుంచి తీయలేని వాణ్ణి నీకేం నీతులు చెబుతాను. అయినా పెద్దవాణ్ణి కాబట్టి చెప్పాలి.

నీ వయసెంత? ఆ కోడిపిల్లల బకెట్ల మధ్య ఎన్నాళ్లు ఉంటావు? మంచివాడు ఎవరైనా కనబడితే నా గురించి ఆలోచించకు. నేనే దగ్గరుండి పెళ్లి చేయిస్తాను, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను. దాన్ని వదిలెయ్యి. వాణ్ణీ వదిలెయ్యి. ఈ ముసలాడి పీడా వదిలించుకో. రెక్కలొచ్చిన దాన్ని గూట్లో కట్టేయకూడదు, అది పిట్టైనా, పిల్లైనా.

మామయ్య


సెప్టెంబరు 2

మామయ్యగారికి,

మీ ఉత్తరం అందింది.

పీడ వదిలించుకోమని మీరు చాలా తేలిగ్గా రాశారు. నాకు పుట్టింట్లో ఒక గది ఉంది, దాంట్లో ఇప్పుడు తమ్ముడి కంప్యూటర్లు ఉన్నాయి. మీ ఇంట్లో ఒక గది ఉంది, దాని కిటికీ రెక్క మూసుకోకపోతే మీరు వడ్రంగి వెంట పడుతున్నారు. నేను నాది అనుకుంటున్నది ఆ కిటికీనే. ఆయన పోయాక నేను మీకు ఏమీ కానని మీకు అనిపిస్తే చెప్పండి, వచ్చి నా బట్టలు తీసుకుంటాను.

పక్షి సంగతి డాక్టరు చూసుకుంటున్నారు. దాని గురించి మీరు ఊహలు అల్లుకోకండి. ఆరోగ్యం జాగ్రత్త.

ఉంటాను.


సెప్టెంబరు 24

అమ్మాయికి,

నీ గది కిటికీ బాగుచేయించాను. ఇప్పుడు శుభ్రంగా మూసుకుంటోంది. నీ బట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఉంటాయి. పెళ్లి మాట నీ మంచికని అన్నాను, నొప్పించి ఉంటే మన్నించు.

బైనాక్యులర్ ఓనర్‌కి తిరిగి ఇచ్చేశాను.

ఇక దాన్ని ఎప్పుడు వదులుతారని నేను అడగను. దాని గురించి నువ్వూ రాయనక్కర్లేదు. వేళకి తిను.

మామయ్య


అక్టోబరు 1

మామయ్యా,

మీరు ఇక్కడికి వచ్చారు.

మీ ఉత్తరం రాకముందే నాకు అనుమానం వచ్చింది. పోయిన నెల ఇరవయ్యో తేదీన నేను మందుల కోసం టౌనుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి డేగ గొంతు చించుకుని అరుస్తోంది. పెద్ద డేగ అరుపు కాదు, ఆకలేసిన పిల్ల అరుపు. తిండి పెడితే ముట్టలేదు. చూడటానికి వచ్చేవాళ్లు నిలబడే కడ్డీ వైపే వలకి వేలాడుతోంది. చీకటి పడేదాకా అలాగే అరిచింది. ఎవరో పెద్దాయన గొడుగు పట్టుకుని వచ్చారని, దగ్గారని, ఆ దగ్గు వినగానే ఇది ఎగిరి వల మీద పడిందని గేటు మనిషి చెప్పాడు. ఆయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయారట. నేను నమ్మలేదు. మామయ్య ఇంత దూరం వచ్చి నన్ను చూడకుండా వెళతారా అనుకున్నాను. నిన్న గేటు మనిషి బెంచీ కింద దొరికిందని ఒక గుడ్డ సంచీ తెచ్చి ఇచ్చాడు. అందులో పసుపు హెల్మెట్ ఉంది.

ఇంట్లో ఉన్నప్పుడు, మీరు మళ్లీ మేకుకు తగిలించక ముందు, అది బోర్లించిన ఆ హెల్మెట్ మీదే కూచునేది కదా. దానికి ఇద్దామని మేకు నుంచి తీసి తెచ్చారు. ఆ క్షణంలో మా గైడ్ జనానికి ఏం చెబుతుంటాడో నాకు తెలుసు, రోజూ అదే చెబుతాడు. "ఎవరో బుద్ధిలేనివాళ్లు దీన్ని ఇంట్లో పెట్టుకుని, చేత్తో తినిపిస్తూ, కబుర్లు చెప్పుకున్నారు. ఇప్పుడు ఇది తనని తాను మనిషే అనుకుంటోంది. వేటాడదు, తోటి డేగని చూస్తే భయపడుతుంది. చచ్చేదాకా ఈ గూడే దీని ఇల్లు." అది మీరు విన్నారు.

మామయ్యా, ఆ మాటలు అతనివి కావు. అతనికి నేర్పింది నేను. ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల ఇలా కాకూడదని, నా పని ప్రకారం నేర్పాను. అది ఎవరింటి నుంచి వచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పవలసింది మీకు చెప్పలేదు. దాన్ని ఎప్పటికీ వదలలేమని డాక్టరు మే నెలలోనే తేల్చారు. మీరు బైనాక్యులర్ తెచ్చుకున్నారని, టవర్ దగ్గర రాయి చూసుకొచ్చారని రాస్తుంటే ఆ ముక్క రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు. మింగలేక కక్కలేక ఈకలనీ, వానలనీ రాశాను.

ఇప్పుడు మీరు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. కొడుకు అప్పగించిన ఒక్క పనినీ నా నోటితో నేనే చెడగొట్టుకున్నాను అనుకుంటున్నారు. అందుకే నోటికి తువ్వాలు కట్టుకున్నారు. కాబట్టి ఇది వినండి.

ఆయన పోయాక ఆ నెలంతా నేను వెనక గది పక్కనే నా గదిలో పడుకుని ఉన్నాను. మీరు ఎంత గట్టిగా మాట్లాడతారో మీకు తెలియదు. రోజూ పొద్దున మీరు వెనక గదిలోకి వెళ్లి, మాంసం ముక్కలు పెడుతూ దానితో మాట్లాడేవారు. అన్నీ గోడ అవతల నుంచి విన్నాను. పలకరించడానికి వచ్చిన వాళ్లందరికీ మీరు తల ఊపారు తప్ప పెదవి విప్పలేదు. నాతో కూడా. అన్నం పెడితే తల ఊపేవారు. మా అమ్మ భయపడింది, ఈయనకి మాట పడిపోయిందేమో అని. అలాంటిది ఒకరోజు పొద్దున గోడ అవతల మీ గొంతు వినబడింది.

"వాడు పోయాడురా. కరెంటు మాత్రం వస్తూనే ఉంది."

ఆయన పోయారని మీరు పైకి అనడం నేను వినడం అదే మొదలు. నాకు ఏడుపు వచ్చింది కూడా అప్పుడే. అంతకు ముందు రాలేదు.

పక్షుల పని చేసేదాన్ని నేను. చేత్తో తినిపిస్తూ మాట్లాడితే ఆ పిల్ల అడవికి దక్కదని నాకంటే బాగా ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? ఆయన తెచ్చిన రోజే ఫోన్‌లో ఆయనకి చెప్పాను, ముఖం చూపించకు, మాట్లాడకు, ఆదివారం వచ్చి తీసుకెళతాను అని. ఆయన ఆ రెండు రోజులూ చేతికి గోనెపట్టా చుట్టుకుని తినిపించారు. తర్వాత మీకు ఆ మాట చెప్పాల్సింది నేను. లేచి నాలుగడుగులు వేసి, తలుపు తీసి, మామయ్యా మాట్లాడకండి అంటే చాలు. రోజూ అనుకునేదాన్ని. రోజూ అటు తిరిగి పడుకుని వినేదాన్ని. మీరు దానితో మాట్లాడటం ఆపితే ఇంకెవరితో మాట్లాడతారు? ఆ ఇంట్లో ఉన్న ఒక్క గొంతునీ నేను ఎలా నొక్కేయను? పక్షా, మనిషా అనుకున్నప్పుడు నేను మిమ్మల్ని ఎంచుకున్నాను. మళ్లీ అలాంటిది వస్తే మళ్లీ అలాగే చేస్తాను. దాని కళ్లలోకి చూస్తే మాత్రం తల దించుకోవాల్సి వస్తుంది.

నేను పట్టుకుని వదలనిది ఆయన్నో, డేగనో కాదు మామయ్యా. మిమ్మల్ని.

హెల్మెట్ గూట్లో పెట్టాను. కాసేపు చుట్టూ నడిచి, ఎక్కి కూచుంది. నిన్న డాక్టరుతో మాట్లాడాను. అది ఇక ఎప్పటికీ ఇక్కడే కాబట్టి మాటలతో దానికి కొత్తగా పోయేదేమీ లేదు, మనుషులు దగ్గరుంటేనే దానికి నెమ్మది అన్నారు. ఆ ఒక్క గూటికి "మాట్లాడకండి" బోర్డు తీసేశాం. మేకు గుర్తు ఇంకా ఉంది. గైడ్‌కి కూడా కొత్త మాటలు నేర్పాలి, ఏం నేర్పాలో ఇంకా తేలలేదు.

రండి.

మీ కోడలు


అక్టోబరు 12

అమ్మాయీ,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులోనే పెట్టుకు తిరిగాను. ఇవాళ జవాబు రాయడానికి కూచున్నాను.

గైడ్ మాటలకి నాకు తల కొట్టేసినట్టు అయింది నిజమే. కానీ అందుకు వెళ్లిపోలేదు. అది నన్ను పోల్చుకుంది. అంత పెద్ద రెక్కలేసుకుని, చిన్నప్పుడు ముక్కకోసం అరిచినట్టు అరిచింది. "ఏమ్మా" అందామని నోటిదాకా వచ్చింది. ఒక్క మాట అంటే ఇంకెంత పాడవుతుందో అని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. బస్సు ఎక్కాక కూడా తీయలేదు. కండక్టర్ ఎక్కడికి అంటే వేలు చూపించాను. ఇంటికొచ్చాక కూడా ఎందుకో మాట్లాడబుద్ధి కాలేదు. సైకిల్ షాపువాడు దణ్ణం పెడితే తల ఊపాను.

గోడ అవతల నుంచి నువ్వు విన్నావని నాకు తెలియదు. నాలో నేను గొణుక్కుంటున్నాను అనుకున్నాను. ప్రొజెక్టర్ గదిలో అలవాటు, ఎంత అరిచినా కింద హాల్లో వినబడదు కదా అనే ధీమా. నువ్వు ఎంచుకున్నది తప్పో ఒప్పో నేను చెప్పలేను. ఆ పిట్టకి ఆకాశం పోయింది. అది నీ మాటతోనో నా మాటతోనో తిరిగి రాదు. కానీ ఆ నెల దానితో మాట్లాడకపోయి ఉంటే నేను ఈ ఉత్తరం రాయడానికి ఉండేవాణ్ణి కాదు, అది మటుకు నీకు చెప్పాలి. ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

టవర్ దగ్గరికి ఇక వెళ్లను. మాట ఇవ్వమని అడిగావు, ఇస్తున్నాను.

ఆదివారం వస్తాను. పొద్దున బస్సుకే వస్తాను, పదింటికల్లా గేటు దగ్గర ఉంటాను. ఈసారి నువ్వు టౌనుకి వెళ్లకు. నా పక్కనే నిలబడు, గోడ అవతల కాదు. నాకు ఒక పని ఉంది, అది ఒక్కణ్ణే చేయలేను.

రోజూ పొద్దున దానితో అన్నీ చెప్పేవాణ్ణని రాశావు కదా. చివర్లో రోజూ ఒక మాట అనేవాణ్ణి, అది నీకు వినబడిందో లేదో. "నీకు రెక్కలు కుదరనీ, వాడు చెప్పినట్టే టవర్ దగ్గరికి తీసుకెళ్లి వదులుతాను" అనేవాణ్ణి. ఆడపిల్లకి మాట ఇచ్చానన్నమాట. ముందు వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

నీ మామయ్య